పదిహేనో కాయితం

ముందే చెప్పేస్తున్నా, నాకు కోపం ఎక్కువ. కొడకండ్ల దగ్గరి మా ఊళ్ళో చిన్నప్పుడు నన్ను మిరపకాయ అనేవాళ్ళు. ఈ కథలో ఆ కోపం మొదట ఒక అమాయకురాలి మీద పడింది. పడాల్సినవాడి మీద పడేసరికి నా చేతికి అందాల్సిన ఉద్యోగం పోయి నెల దాటింది.

జనగామలో డిగ్రీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ కంప్యూటర్స్ చదివి మానుకోటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. కాయితాల మీద ఆ ఊరు మహబూబాబాద్, నోటి మీద మాత్రం మానుకోటే. వారమంతా అక్కడే ఒక గదిలో ఉండి శనివారం రైల్లో ఇంటికి పోయేదాన్ని. సోమవారం పొద్దున కేసముద్రం స్టేషన్ దాటగానే బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడేదాన్ని, దిగడం ఆలస్యమైతే మొదటి క్లాసు పోతుందని.

మా ల్యాబులో కంప్యూటర్లు ఎవరో వాడి వదిలేసినవి. అవి తెరుచుకునేలోపు పిల్లలు అటెండెన్స్ చెప్పి, కబుర్లు చెప్పుకుని, ఒక కునుకు కూడా తీసేవాళ్ళు. ల్యాబ్ ఇన్‌చార్జి నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. రెండేళ్ళు రాఖీ కూడా కట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ దారం మీద కూడా కోపం వస్తుంది.

షెల్ ఆలోచన ఆయనదే. ఒకరోజు పనిచేయని మౌసును పక్కకు విసిరేసి అన్నాడు.

"చెల్లె, గీ బొమ్మలు, గీ కిటికీలు అన్ని పీకి పారేద్దాం. ఉత్త నల్ల తెర ఉంచుదాం. పోరలు ఒక మాట టైపు జెయ్యాలె, మిషిని గది జెయ్యాలె. గంతే."

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కంప్యూటరుకు మౌసుతో బొమ్మల మీద నొక్కి పని చెప్పొచ్చు, లేదా నల్లటి తెర మీద ఒక మాట టైపు చేసి చెప్పొచ్చు. ఆ మాట విని, అర్థం చేసుకుని పని చేయించే ప్రోగ్రాంను షెల్ అంటారు. దొరికేవి బోలెడున్నాయి. అన్నిటికీ ఇంగ్లీషు పొడి మాటలు, వందల కొద్దీ ఆజ్ఞలు. మా పిల్లలు తండాల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్ళు. ఆ అక్షరాలు చూస్తేనే చేతులు వెనక్కి తీసుకునేవాళ్ళు. అందుకే మేమే ఒకటి రాద్దామనుకున్నాం, మన మాటలతో, వీలైనంత చిన్నది.

ఎంత చిన్నది అన్న దగ్గరే మా కొట్లాటలన్నీ. నేను మొదట ముప్పై ఆజ్ఞలు రాసుకుని వెళ్ళాను. ఆయన ఆ జాబితా చూసి పడీపడీ నవ్వాడు.

"బాయిల దిగేటోడు ఇల్లంత మూట గట్టుకొని దిగుతడా చెల్లె? లైటు, టోపి, సద్ది. మిగిలినయన్ని పైన్నే."

అప్పటినుంచీ మాది ఒకటే పద్ధతి. వారం రోజులు పిల్లలతో వాడించి, ఎవరూ తాకని ఆజ్ఞను శనివారం తీసేయడం. నేను రాసినవి ఒక్కొక్కటి పోతుంటే ప్రాణం ఉసూరుమనేది. ఒకసారి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు కూడా. కానీ తీసేకొద్దీ అది తేలికై పరిగెత్తింది. ఆ పాత డొక్కు మిషన్లు కూడా కన్ను మూసి తెరిచేలోపు లేచి కూర్చునేవి. చివరికి తొమ్మిది మిగిలాయి: సూడు, సదువు, రాయి, జరుపు, తీసెయ్, ఎతుకు, నడిపియ్, ఆగు, పోయొస్త. ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి, మాట మాత్రం మనది. ఏదైనా తప్పు కొడితే తెర మీద "సమజ్ కాలె, మల్ల జెప్పు" అని వచ్చేది. పిల్లలు దాంతో పరాచికాలాడుతూ కావాలని తప్పులు కొట్టేవాళ్ళు.

ఆఖరి మాట కోసం నేను పట్టుబట్టాను. ఆయన "పో" చాలన్నాడు, ఇంగ్లీషులో రెండే అక్షరాలు. నేను ససేమిరా అన్నాను. మా ఇంట్లో ఎవరైనా గడప దాటుతూ పోతున్న అంటే మా అవ్వ చెంప పగలగొట్టేది. పోయేది పీనుగు, మనిషి పోయొస్తడు అనేది. పొలానికి పోయినా అంతే, పక్కింటికి పోయినా అంతే. రేపు మళ్ళీ వచ్చి కూర్చోవాల్సిన మిషను ముందు పిల్లలతో ఆ మాట అనిపించడం నాకు ఇష్టం లేకపోయింది. కోస్తా నుంచి వచ్చిన ఇంగ్లీషు సారు ఒకాయన తెర మీద ఆ మాట చూసి, "పోయొస్త ఏంటండీ బాబూ, కంప్యూటరుకు కూడా మీ యాస అంటించారా" అని నవ్వాడు. "మా కంప్యూటరు సార్, మా యాసే మాట్లాడుతది" అన్నాను. ఆ రోజు అన్న నాకు చాయ్ తాగించాడు.

ఇక అసలు సంగతి. మామూలు షెల్‌లు మనం కొట్టిన ప్రతి మాటా గుర్తు పెట్టుకుంటాయి. పై బాణం నొక్కితే వెనకటి మాటలు ఒక్కొక్కటే వస్తాయి. మా ల్యాబులో ఒక్కో మిషను మీద పూటకు నలుగురు కూర్చుంటారు. ఒక అమ్మాయి తన ఇంటి గొడవ ఏదో రాసుకుని లేచిపోతే, తర్వాత కూర్చున్న వాడు పై బాణం నొక్కి ఆ ఫైలు పేరు పైకి చదివి క్లాసంతా నవ్వించాడు. ఆ పిల్ల పది రోజులు కాలేజీకి రాలేదు. అప్పుడు నేను గట్టిగా చెప్పాను. మన షెల్ కూర్చున్నంతసేపే గుర్తు పెట్టుకోవాలి, పోయొస్త అనగానే అంతా మరిచిపోవాలి.

అన్నకు ఆ మాట నచ్చింది. "మా బాపు గూడ గంతేనే. దిగేటప్పుడు తీస్కున్న లైటు ఎక్కినంక అప్పజెప్పాలె, ఇంటికి తెచ్చుకోవద్దు. గా ముక్క నేను రాస్త చెల్లె, నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. ఆయనే రాశాడు. నేను చూశాను, బాగుంది.

మొత్తం ప్రోగ్రాం ప్రింటు తీస్తే పద్నాలుగు కాయితాలు వచ్చింది. పద్నాలుగో దాని అడుగున రెండు వేళ్ళ జాగా మిగిలింది. వాటిని వరుసగా ల్యాబు గోడకు అంటించాం. పిల్లలకు నేను చెప్పే మొదటి పాఠం ఆ గోడే. "పెద్ద పెద్ద ప్రోగ్రాములు ఎవరూ పూర్తిగా చదవలేరు. ఇది చదవొచ్చు. చదివినాకనే నమ్మండి" అనేదాన్ని. అన్న వెనక నిలబడి, "గిండ్ల దాసుకునేటందుకు జాగనే లేదు" అనేవాడు. మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళప్పుడు కూడా అంత సంతోషపడి ఉండం.

ఇప్పుడు సర్టిఫికెట్ల సంగతి చెప్పాలి. ప్రైవేటు కాలేజీలో పనిచేసిన వాళ్ళెవరికీ ఇది కొత్త కాదు. చేరిన రోజే పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆఫీసులో అప్పజెప్పాలి. కాలేజీ నడిపే కరస్పాండెంట్ గదిలో ఒక ఆకుపచ్చ ఇనప బీరువా ఉండేది. పేరు రాసిన కవర్లు అందులో ఉంటాయి, తాళం ఆయన జేబులో ఉంటుంది. మధ్యలో మంచి ఉద్యోగం వచ్చి ఎవరూ లేచిపోకుండా అది కట్టుగొయ్య. ఆయన భూములున్న ఇంటి మనిషి, రాజకీయాల్లో తిరిగేవాడు, మాట మెత్తగా ఉండేది. అందరం ఇచ్చాం, అందరం లోపల తిట్టుకున్నాం.

భూపాలపల్లి దగ్గర ఒక గురుకుల కాలేజీలో కంప్యూటర్ పోస్టు పడింది. దరఖాస్తు పెట్టాను, ఎంపిక జాబితాలో నా పేరు పైనే వచ్చింది. సోమవారం నాడు ఒరిజినల్స్ తీసుకుని పోయి చూపించాలి, చూపిస్తే ఉద్యోగం నాది. బీరువాలోంచి కవరు బయటికి రావాలంటే అబద్ధం ఆడాలి. అందరూ ఆడేదే. పీహెచ్‌డీ ప్రవేశానికి కావాలి, రెండు రోజుల్లో తెచ్చిస్తానని కరస్పాండెంటుకు చెప్పాను. "శుక్రవారం తీస్కోండి మేడం, చదువుకుంటనంటె నేనెందుకు ఆపుత" అన్నాడు.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో తప్ప. అన్నకు కూడా చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఆయన డిగ్రీకి ఆ పోస్టు రాదు, ఆయన ఊరికే నేను పోతున్నాను. ఎలా చెప్పాలో తెలియక, ఆర్డరు చేతికొచ్చాక స్వీటు డబ్బాతో చెబుదామనుకున్నాను. సెలవు చీటీ మాత్రం ల్యాబులో కూర్చుని టైపు చేశాను, నా గదిలో కంప్యూటరు లేదు కాబట్టి. దానికి నేను పెట్టుకున్న పేరు భూపాలపల్లి-లీవు. పరిశీలనకు కావాల్సిన కాయితాల పట్టీ ఇంకొకటి, గురుకులం-వెరిఫికేషన్ అని. రెండూ ప్రింటు తీసుకుని, తీసెయ్ అని తీసేసి, పోయొస్త కొట్టి నిశ్చింతగా లేచాను. మా షెల్ మరిచిపోతుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు!

శుక్రవారం కరస్పాండెంట్ గదిలోకి పోతే ఆయన బీరువా వైపు చూడనేలేదు.

"భూపాలపల్లిల పీహెచ్‌డీ ఎప్పటిసంది ఇస్తున్నరు మేడం?" అన్నాడు నవ్వుతూ.

నా అబద్ధం దొరికిపోయింది. "సంవత్సరం నడుమల పోతె పిల్లల గతేంది? పరీక్షలయినంక మాట్లాడుదాం" అని ఫోన్ తీసుకున్నాడు. సర్టిఫికెట్లు ఆ ఆకుపచ్చ బీరువాలోనే ఉండిపోయాయి.

ఏడుస్తూ ల్యాబులోకి పోయి అన్నకు మొదటిసారి అంతా చెప్పాను. చెప్పనందుకు మన్నించమన్నాను కూడా, చూడండి నా తెలివి! ఆయన తల వంచుకుని విన్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"జిరాక్సులు తీస్కొని పో చెల్లె. ఏమన్న గడువు ఇస్తరేమో అడుగు. ఆదివారమే పోయి మా అవ్వోళ్ళ ఇంట్ల దిగు, నేను ఫోన్ జేసి చెప్త."

పోయాను. భూపాలపల్లిలో కార్మికుల క్వార్టర్లలో చిన్న ఇల్లు వాళ్ళది. ఆయన బాపు దగ్గుతూ మంచంలో కూర్చుని నాకు కుర్చీ చూపించాడు. అవ్వ, ఆయనను కన్నతల్లి, ముద్దపప్పు, పచ్చిపులుసు చేసి దగ్గర కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. నా ముఖం చూసి ధైర్యం చెప్పబోయింది.

"మీ సారు మరీ చెడ్డోడేం గాదు బిడ్డా. మా వోని కాయితాలు దసరాకే ఇచ్చిండు. తెచ్చి నా పెట్టెల పెట్టిండు. నీయి గూడ ఇస్తడు తియ్యి, తిను."

నాకు ఆశ్చర్యమేసింది. ఎవరికీ ఇవ్వనివాడు ఈయనకెందుకు ఇచ్చాడు, ఈయన నాకెందుకు చెప్పలేదు అనుకున్నాను. వెంటనే, పోనీలే, ఒకరికైనా విడుదల దొరికింది కదా అని సంతోషపడ్డాను. నిజంగా సంతోషపడ్డాను. ఆ పప్పన్నం అంతా తిన్నాను.

మర్నాడు గురుకులంలో కాయితాలు చూసే ఆవిడ నా జిరాక్సులు తిప్పి తిప్పి చూసింది. "ఒరిజినల్స్ లేకుంటె మేమేం జెయ్యలేమమ్మా, రూలు గట్లుంది" అంది. సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూర్చున్నాను, ఎవరైనా కరస్పాండెంటుకు ఫోన్ చేస్తారేమోనని. నా తర్వాతి పేరున్న అమ్మాయి లోపలికి పోయి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ బయటికి వచ్చింది. ఆ పిల్లనేమనగలను. బస్సెక్కాను.

మానుకోట వచ్చాక ఒకటే ప్రశ్న, ఎవరు చెప్పారు? ల్యాబు ఊడ్చే ఆయమ్మే కరస్పాండెంట్ గదీ ఊడ్చేది. నా బల్ల మీది చీటీ చూసి ఉంటుందనుకున్నాను. పిల్లలందరి ముందూ మీద పడ్డాను. "నా నోటికాడి బువ్వ తీసినవు గదా అక్కా, నీకేమొచ్చింది?" అన్నాను. ఆవిడ చీపురు కింద పెట్టింది.

"నాకు సదువే రాదు మేడం. నేనేం సూసి జెప్త?"

అన్న పక్కనే ఉన్నాడు. వైర్లు సర్దుతున్నాడు. సర్దుతూనే ఉన్నాడు. మిగతావన్నీ ఎప్పుడైనా మరిచిపోతానేమో, ఆ వైర్లు సర్దడం మాత్రం మరిచిపోలేను.

నెల గడిచింది. గోడ మీది కాయితాలు వాన చెమ్మకు ఉబ్బి చిరిగిపోతే, కొత్తగా ప్రింటు తీద్దామని కూర్చున్నాను. అన్న ఆ రోజు సెలవు. ప్రింటరు ఒక్కొక్క కాయితమే కక్కుతుంటే ఆయమ్మ పట్టుకుని వరుసగా పేరుస్తోంది. నాతో మాట్లాడదు, పని మాత్రం చేస్తుంది. పద్నాలుగు వచ్చాక ప్రింటరు ఆగలేదు. ఇంకొకటి వచ్చింది. పైన నాలుగు లైన్లు, మిగతాదంతా తెలుపు.

మేము ఏడాదిగా ఒక్క కొత్త ఆజ్ఞ కూడా చేర్చలేదు. మరి పదిహేనో కాయితం ఎక్కడిది? గోడ మీది పాత కాయితాలు పీకి పక్కన పెట్టుకుని లైను లైనూ పోల్చాను. పదమూడో కాయితం దాకా తేడా లేదు. పద్నాలుగులో, ఆయన రాసిన ఆ ముక్క దగ్గర, పదకొండు లైన్లు ఎక్కువున్నాయి. పోయొస్త అనగానే అంతా తుడిచేయాలి కదా. తుడిచే ముందు అంతా ఎత్తి, తారీకు, వేళ, ఎవరు కూర్చున్నారో రాసి, ఆఫీసు కంప్యూటర్లోని ఒక ఫైలుకు చేరవేస్తోంది. ఆ తర్వాత బుద్ధిమంతురాలిలా తుడిచేస్తోంది. పెద్ద ప్రోగ్రాం అయితే ఆ పదకొండు లైన్లు జన్మలో కనపడేవి కావు. మేము అన్నీ తీసేసి తీసేసి దాన్ని చిన్నది చేశాం కాబట్టి ఒక కాయితం పెరిగింది.

సదువు అని, ఆ లైన్లలో రాసి ఉన్న దారే కొట్టి ఆ ఫైలు తెరిచాను. పోయిన జూన్ నుంచీ ఉంది. పిల్లలవి, లెక్చరర్లవి, అన్నీ. నా పేరు పక్కన రాయి భూపాలపల్లి-లీవు. దాని కింద రాయి గురుకులం-వెరిఫికేషన్. ఆ కింద రెండిటికీ తీసెయ్. దాని కింద పోయొస్త. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నన్నడిగితే ఈశ్వరుడి దగ్గర ప్రింటరు లేకపోయి ఉంటుంది. భూపాలపల్లి అవ్వ మాట అప్పుడు గుర్తొచ్చింది. దసరాకే ఇచ్చిండు. ఆయన కాయితాలకు విడుదల ఎందుకు దొరికిందో తెలిసింది.

మొదట ఆయమ్మ దగ్గరికి పోయాను. "అక్కా, తప్పయింది. నువ్వు గాదు" అన్నాను. ఆవిడ ఎవరని అడగలేదు. "పోనియ్ మేడం" అంది. అందరి ముందూ తిట్టాను కాబట్టి మర్నాడు అందరి ముందూ ఇంకోసారి చెప్పాను.

అన్న వచ్చాక చివరి రెండు కాయితాలూ చేతిలో పెట్టాను. "గిదేంది అన్నా?"

ఆ లైన్ల మీద వేలు పెట్టాడు. "సారు అడిగిండు చెల్లె. ల్యాబుల ఎవలు ఏం జేస్తున్నరో తెల్వాలె అన్నడు. పోరల కోసమే అనుకున్న."

"నా పేరు పక్కన భూపాలపల్లి అని పడ్డది గదా. గది నువ్వు సూడలేదా?"

"సూసిన" అన్నాడు. "నా ఊరికే పోతున్నవు, నాకే చెప్పలె. మనసుకు పట్టింది. అయినా నేను నోటితోని సారుకు ఏం జెప్పలె, ఫైలు దాని అంతట అదే పోయింది."

"నేను దాసింది వారం. నువ్వు ఏడాది సంది రాస్తున్నవు" అన్నాను. "ఒరిజినల్స్ లేకుంటె నడువదని తెలిసి గూడ నన్ను జిరాక్సులతోని పంపినవు. మీ అవ్వ చేతి బువ్వ తినిపిచ్చినవు. తడిగుడ్డతో గొంతు కోసుడంటె గిదేనా అన్నా?"

"నాయి గూడ గదే బీరువల ఉండె చెల్లె. పదకొండేండ్లు ఉండె. బాపుకు పానం బాగలేదు, అక్కడ ఏదన్న పని సూసుకుందామనుకున్న. ఇస్తనన్నడు." అని, కాయితాలు నా చేతికే తిరిగిస్తూ, "నేనేం జెయ్యాలె?" అన్నాడు.

ఏం చేయాలో నాకూ తెలియదు. ఆయన స్థానంలో నేనుంటే రాసేదాన్ని కాదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను. అయితే నా సర్టిఫికెట్లు పదకొండేళ్ళు ఎవరి బీరువాలోనూ లేవు, నాలుగేళ్ళే ఉన్నాయి. జాలి పడ్డాను. జాలి పడితే కోపం తగ్గుతుందని ఎవరన్నారో గానీ అబద్ధం.

ఆ పదకొండు లైన్లు తీసేసి ఊరుకోవచ్చు. తీసెయ్ అంటే అరక్షణం పని. అట్లా చేయలేదు. పద్నాలుగు కాయితాలూ వరుసగా గోడకు అంటించాను, పదిహేనోది చివర అంటించాను, పదకొండు లైన్ల కింద ఎర్ర పెన్నుతో గీశాను. పొద్దున క్లాసులో ఎప్పటిలాగే గోడ చూపించి, "చదివినాకనే నమ్మండి" అన్నాను. పిల్లలు చదివారు. వెనక బెంచీలో ఒక పిల్ల ఆ లైన్లన్నీ వేలు పెట్టి రెండుసార్లు చదివి, గట్టిగానే అడిగింది.

"మేడం, గిదేంది, పోయొస్త అన్నంక గూడ మన ముచ్చట ఆఫీసుకు పోతున్నదా?"

మధ్యాహ్నానికి కరస్పాండెంట్ పిలిపించాడు. బీరువా తాళం తానే తీసి నా కవరు బల్ల మీద పెట్టాడు. "రేపటిసంది రాకండి మేడం" అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా. నాలుగేళ్ళుగా బయటికి రాని కవరు అట్లా వచ్చింది. భూపాలపల్లి పోస్టులో ఆ అమ్మాయి చేరి అప్పటికే పాఠాలు చెబుతోంది. కవరు విప్పి ఒక్కొక్క సర్టిఫికెట్ చూసుకున్నాను, అన్నీ ఉన్నాయి.

బ్యాగు కోసం ల్యాబుకు పోయాను. గోడ మీద చివరి రెండు కాయితాలు అప్పటికే లేవు, జిగురు మరకలే ఉన్నాయి. ఆయమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. "పోయొస్త అక్కా" అన్నాను. "మంచిది బిడ్డా, పోయిరా" అంది. మొదటిసారి బిడ్డా అంది.

అన్న లేచి నిలబడ్డాడు. బ్యాగు భుజాన వేసుకున్నాను. నేనే అన్నాను.

"పోతున్న."

ఆయన ముఖం తెల్లబోయింది. "గట్ల అనకు చెల్లె. పోయొస్త అను."

నేను మెట్లు దిగాను.